ఊకెనే పోదామన్న కొండ

ఇది ఒక దండయాత్ర కథ. ఇందులో కొండ ఉంది, కొండ మీద రాజుల కాలపు కోట ఉంది, ఆ కోట ఎక్కాలని నలభై ఏళ్లకు పైగా ఎదురుచూసిన ఒక వీరనారి ఉంది, దారిలో ఎవరి కంటా పడకుండా తప్పించుకునే వ్యూహం ఉంది, ఆపదవేళ ఆకాశం నుంచి దిగివచ్చే ఒక పక్షి కూడా ఉంది. ఇంత చెప్పాక మీరు గుర్రాలనూ ఏనుగులనూ ఊహించుకుని ఉంటారు. క్షమించాలి. ఉన్నది ఏసీ పనిచేయని ఒక కారు. వీరనారి మా అమ్మ. ఆమెకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. వ్యూహం పన్నింది మా మేనత్త. పక్షి, కాకి. కోట మాత్రం నిజంగానే ఉంది. ఈ గొడవతో తనకేం సంబంధం అన్నట్టు దాని కొండ మీద అది కూర్చుని ఉంది.

ఇవాళ పొద్దున ఈ సంగతంతా నా ఫోను గుర్తుచేసింది. నా ఫోనుకు ఒక పాడలవాటు ఉంది. మూడేళ్ల కింద ఇదే రోజు మీరేం చేశారో తెలుసా అంటూ పాత ఫోటో ఒకటి వెతికి తీస్తుంది, దానికి తనకు తోచిన పాట తగిలించి, తనకు తోచిన పేరు పెడుతుంది. ఇవాళ తీసిన ఫోటోలో మా అమ్మ ఆకుపచ్చ గద్వాల చీర కట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ ఉంది. వెనకాల కొండ, కొండ మీద కోటగోడ. ఫోను కొండను చూసింది, జరీ అంచును చూసింది, విహారయాత్ర అని తేల్చేసింది. 'మరపురాని ఆనందం' అని పేరు పెట్టి, పెండ్లి బ్యాండు లాంటి ఒక బాజా వినిపించింది. దాని తప్పేం లేదు. ఆ రోజు దేనికోసం బయల్దేరామో, ఏం చేసి వచ్చామో మాకే సరిగ్గా తెలియదు, ఫోనుకేం తెలుస్తుంది. తీసుకెళ్లి అమ్మకు చూపించాను. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాల పెట్టుకుని, డాక్టరు చెప్పిన వ్యాయామం చేస్తూ ఉంది. ఫోటోను చాలాసేపు చూసి, "చీర మంచిగ వడ్డది," అంది.

మా అమ్మ పుట్టింది గద్వాల దాటినంక గట్టు మండలంలో ఒక ఊళ్లో. కర్ణాటక కూతవేటు దూరం కాబట్టి ఆ ఊళ్లో తెలుగుకు కన్నడం తాలింపు ఉంటుంది. ఇప్పటికీ అమ్మకు విసుగొస్తే 'చాలు' అనదు, 'సాకు' అంటుంది. ఆ మాట వచ్చిందంటే ఇక ఆ విషయం మీద బేరం లేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె నాలుగో తరగతిలో ఉన్నప్పుడు బడి పంతులు పిల్లలందరినీ ఖిల్లా ఘనపురం కోట చూపించడానికి తీసుకెళ్లాడట. గద్వాలలోనూ కోట ఉంది గదా అంటే, అది నేల మీద కోట, కూరగాయలకు పోయినట్టు నడిచిపోవచ్చు, ఇది కొండ మీది కోట, ఎక్కాలి, ఎక్కితే ఊళ్లన్నీ చిన్నగా కనబడతాయి అని పంతులు చెప్పాడట. సరిగ్గా ఆ వారమే అమ్మకు గవదలు లేచాయి. రెండు బుగ్గలకూ సున్నం, పసుపు పూసి అరుగు మీద కూర్చోబెట్టారు. మిగిలిన పిల్లలు పోయి వచ్చి నెల రోజులు దాని గురించే చెప్పుకున్నారు. అమ్మకు గవదలు తగ్గాయి గాని కోట తగ్గలేదు.

తర్వాత పెండ్లయి తెలకపల్లికి వచ్చింది. ఇక్కడ మా ఇంటి పద్ధతి ఏమిటంటే, ఎవరు గడప దాటినా ముందు 'ఏం పని మీద' అని అడుగుతారు. పెండ్లికి పోవచ్చు, చావుకు పోవచ్చు, దవాఖానకు పోవచ్చు, దేవుని దగ్గరికి పోవచ్చు. ఐదోది లేదు. ముప్పై ఏళ్ల కాపురంలో అమ్మ చేసిన ప్రయాణాలన్నీ ఈ నాలుగు డబ్బాల్లో సరిపోతాయి. శ్రీశైలం పోతే మొక్కుంది కాబట్టి పోయింది. హైదరాబాదు పోతే మా నాయిన కడుపులో రాయి ఉంది కాబట్టి పోయింది. ఊరికే ఒక చోటికి పోయి, ఊరికే చూసి, ఊరికే తిరిగి రావడం అనేది ఆమెకు ఎన్నడూ జరగలేదు. జరగలేదని ఆమె ఎన్నడూ అనలేదు కూడా. మేము అడగలేదు. అడగకపోవడంలో మా ఇంటికి మంచి అనుభవం ఉంది.

మూడేళ్ల కింద మాఘమాసంలో మోకాళ్ల డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టుకుని చూసి, రెండూ మార్చాలి, ముందు కుడిది మారుద్దాం, వచ్చే సోమవారం రమ్మన్నాడు. తర్వాత ఇంట్లో మెట్లు మెల్లగా ఎక్కొచ్చు, దిగొచ్చు గాని కొండలూ గుట్టలూ మర్చిపోవాలని చెప్పాడు. మామూలుగా డాక్టరు వద్దన్నవాటిని అమ్మ తలూపి ఒప్పుకుంటుంది. ఆ రోజు ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే వాకిట్లో నిలబడి మా నాయినతో అంది: "సోమారం లోపల నన్నొక్కసారి ఘనపురం కోటకు తీస్కపో. ఈ కాళ్లతోనే ఎక్కుత."

నాయిన సహజంగానే, "ఏం పని మీద?" అన్నాడు.

"ఏం లేదు. ఊకెనే."

ఆ మాట మా ఇంట్లో ఎవరూ అంతకుముందు వినలేదు. నాయినకు అర్థం కాక నావైపు చూశాడు. ఇంట్లో జోకులు వేసే శాఖ నాది కాబట్టి, ఇదేదో నేను నేర్పిన మాటనుకున్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన కాసేపు పత్తి అమ్మకం గురించి, బోరు మోటారు గురించి ఆలోచించినట్టు నటించి, చివరికి సరే అన్నాడు. మా నాయిన కాదనే మనిషి కాదు. అవుననే మనిషి కూడా కాదు. సరే అనే మనిషి.

మాఘం లగ్గాల కాలం. తెలకపల్లిలో కారంటూ ఉన్నదల్లా ఏదో ఒక పెండ్లికొడుకును మోస్తూ ఉంటుంది. మా వీధి చివర ఉండే చాచాకు సొంత కారుంది. నాయిన ఈడువాడు, నాయినతో కలిసి బడికి పోయినవాడు, మా ఇంటి చావుకూ బతుక్కూ ఆయన కారే. ఆయన డైరీ తిరగేసి, గురువారం ఒక్కటే ఖాళీ ఉందన్నాడు. సోమవారం ఆపరేషన్. అంటే నలభై ఏళ్ల కోరికకు దేవుడు ఒకే ఒక గురువారం ఇచ్చాడు. ఆ మాత్రం చాలు అనుకున్నాం. ఆ సాయంత్రమే మా మేనత్త వచ్చింది.

మా మేనత్త నాయినకు అక్క. రెండు వీధుల అవతల ఉంటుంది. ఏ వారం ఏ దిక్కుకు పోవద్దో, ఎవరు ఎదురొస్తే వెనక్కి తిరగాలో, ఏ చావుకు ఎన్ని రోజుల ముట్టుడో, మైలో ఆమెకు నోటిమీద ఉంటుంది. ఆమె వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, ఘనపురం దగ్గరి ఊళ్లో నాయిన మేనమామ తోడల్లుడు పోయాడన్న కబురు చెప్పింది. నాకు ఆయన ముఖం గుర్తు లేదు. అమ్మ ఆయన్ను జీవితంలో రెండుసార్లు చూసింది, రెండుసార్లూ దూరం నుంచి. కానీ నాకు వరసకు తాత. చావు జరిగిన రోజు మాకు తెలియలేదు కాబట్టి మట్టికి పోలేదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి మందలించడానికి పోవాలి.

మందలించడం అంటే మా దిక్కు తిట్టడం కాదు. చావో రోగమో జరిగిన ఇంటికి పోయి, పక్కన కూర్చుని, ఎట్లా జరిగిందని అడిగి, వాళ్లు చెప్తే విని, వాళ్లు ఏడిస్తే మనమూ ఏడ్చి రావడం. పాలమూరులో మనిషి బతికున్నప్పుడు పలకరించకపోయినా మాఫీ ఉంది. మందలించకపోతే లేదు. దానికి నియమాలున్నాయి. మంగళవారం, శుక్రవారం పోకూడదు. పోయినచోట ఛాయ్ తాగకూడదు. పోతున్నా అని చెప్పకూడదు, ఊరికే లేచి రావాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, అక్కడినుంచి ఇంకెక్కడికీ పోకుండా నేరుగా ఇంటికొచ్చి తలస్నానం చేయాలి. ఇప్పుడు చిక్కు చూడండి. ఆ ఇల్లు సరిగ్గా కోటకు పోయే తారురోడ్డు పక్కన, బస్టాపు ఎదురుగా ఉంది. అరుగు మీద పొద్దస్తమానం చుట్టాలు కూర్చుని ఉంటారు. ముందు మందలిస్తే, తర్వాత కోటకు పోవడానికి లేదు, ఇంటికి రావాలి. ముందు కోటకు పోయి దిగివచ్చి మందలిస్తే, సైరు, షికారు కొట్టి వచ్చి మందలిస్తున్నారా అని ఏడు తరాలు చెప్పుకుంటారు. మందలించకుండా కారులో ముందర్నుంచే పోతే, చూస్తారు. మూడు దారులూ మూసుకుపోయాక అత్త తృప్తిగా గోడకు ఒరిగింది.

అమ్మ వంటింట్లోకి పోయి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెలే మళ్లీ తోముతున్న చప్పుడు అత్తకు వినబడినట్టుంది. కాసేపు వేళ్లు మడిచి ఏదో లెక్క వేసింది. తారురోడ్డు మీదనుంచి పోకుండా, ఊరి వెనక పొలాల నడుమ మట్టిబాట ఒకటుందని, అది చుట్టు తిరిగి నేరుగా కొండ కిందికే చేరుతుందని, తాను చిన్నప్పుడు ఎడ్లబండి మీద పోయానని చెప్పింది. వాళ్లు తొమ్మిదో రోజున పొలంలో పిట్టకు కూడు పెడతారు, అది శనివారం పడుతుంది, కాబట్టి గురువారం పొలాల దిక్కు పురుగు కూడా ఉండదు. అందరూ ఇంటి అరుగు మీదనే ఉంటారు, మనం వెనకనుంచి పోయి వెనకనుంచి వద్దాం, మందలించడానికి ఆదివారం వేరుగా పోదాం అంది. అత్త అంత పెద్ద నియమానికి అంత చిన్న సందు తీయడం నేను చూడటం అదే మొదటిసారి. చాచాకు చెప్తే ఆయన తల గోక్కుని, "గింత పరేషానెందుకు అక్కా, నల్ల అద్దాలేసుకొని పోదం," అన్నాడు. ఆయన కారుకు నల్ల అద్దాలు లేవు. మాటసాయం.

గురువారం పొద్దున్నే అమ్మ పెట్టె తీసి ఆకుపచ్చ గద్వాల చీర కట్టుకుంది. మా అమ్మమ్మ పెట్టిన చీర, పెండ్లిళ్లకు తప్ప బయటికి రాదు. తలలో కనకాంబరాలు పెట్టుకుంది. నాలుగు గిన్నెల క్యారియరు నింపింది. పులిహోర, సజ్జరొట్టెలు, వంకాయ కూర, పెరుగన్నం. మోకాళ్లకు నూనె రాసి, గుడ్డపట్టీలు చుట్టి, మెట్లు ఎక్కడం సాధన చేయడానికి మా ఇంటి మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి వచ్చిందట, మేము లేవకముందు. నాగర్‌కర్నూల్ దాటేవరకు అమ్మ మాట్లాడుతూనే ఉంది. పంతులు ఏం చెప్పాడో, ఏ పిల్ల కోట మీద చెప్పు పారేసుకుందో, అన్నీ. బిజినేపల్లిలో నాయిన దూరపు బావమరిది ఒకాయన రోడ్డు పక్కన పండ్లు బేరమాడుతూ కనబడ్డాడు. మేము ఏ తప్పూ చేయకపోయినా నలుగురమూ ఒకేసారి తలలు వంచాం. చాచా ఒక్కడే నిటారుగా కూర్చుని, డ్రైవరు లేని నలుగురి కంటే నలుగురు లేని డ్రైవరు అనుమానం రాకుండా ఉంటాడని అన్నాడు. అమ్మ నవ్వింది. వంచిన తల పైకెత్తకుండా, చీర కుచ్చిళ్లలో నవ్వింది. ఆ నవ్వు ఫోటో తీసుంటే ఫోను పెట్టిన పేరు సరిపోయేది.

వనపర్తి దాటినంక కొంతదూరానికి కొండ కనబడింది. దానికి ముందే చాచా మట్టిబాటలోకి తిప్పాడు. అత్త ఎడ్లబండి మీద పోయినప్పుడు ఆ బాట ఎంత వెడల్పు ఉండేదో ఏమో, ఇప్పుడు అటు పల్లిచేను, ఇటు కందికొయ్యలు, నడుమ కారు. రెండు మలుపులు తిరిగి మూడో మలుపులో ఆగాం. ఎదురుగా బాటకు అడ్డంగా ట్రాక్టరు. ట్రాక్టరు పక్కన, ఒక తుమ్మచెట్టు కింద, ముప్పై నలభై మంది మనుషులు. మగవాళ్లు తువ్వాళ్లు తలకు చుట్టుకుని, ఆడవాళ్లు కొంగులు కప్పుకుని. కొత్తగా పోసిన మట్టి మీద విస్తరాకు. అందరూ మా కారునే చూస్తున్నారు.

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది, అత్తకు అర నిమిషం చాలింది. ఆమె మళ్లీ వేళ్లు మడిచింది. ఆమె తొమ్మిది రోజులూ లెక్కపెట్టింది కబురు అందిన రోజు నుంచి. మనిషి పోయింది దానికి రెండు రోజుల ముందు. అంటే తొమ్మిదో రోజు ఇవాళ. అంటే తారురోడ్డు మీది ఆ ఇంటికి ఇవాళ తాళం వేసి ఉంది, అరుగు మీద పురుగు కూడా లేదు. మేము కొమ్ము బూర ఊదుకుంటూ ముందర్నుంచే పోయినా చూసేవాళ్లు లేరు. చుట్టాలందరూ ఇక్కడ పిట్టకు పెట్టడానికి వచ్చారు. పోయిన మనిషిని పూడ్చినచోట ఆయనకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి దూరం జరుగుతారు. కాకి వచ్చి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టేదాకా ఎవరూ అన్నం తినరు. మేము ప్రపంచంలో ఇంత జాగా ఉండగా, వాళ్లను తప్పించుకోవడానికని పొలాలన్నీ చుట్టు తిరిగి, సరిగ్గా వాళ్ల విస్తరాకు దగ్గరికి వచ్చాం. వెనక్కి తిప్పడానికి జాగా లేదు.

అమ్మ తలలోని కనకాంబరాలు తీసి కారు డబ్బాలో పెట్టింది. ఎంత తొందరగా తీసిందంటే నాలుగైదు వెంట్రుకలు కూడా వచ్చాయి. అత్త తన పాత శాలువా తీసి అమ్మ చీర జరీ మీద కప్పింది. అప్పటికే ఆ ఇంటి అవ్వ, పోయినాయన పెండ్లాం, మనుషులను తోసుకుంటూ కారు దగ్గరికి వచ్చింది. తలుపు తీసిన అమ్మను రెండు చేతులా పట్టుకుని భుజం మీద పడింది, శాలువా జారిపోయింది.

"వచ్చినవా బిడ్డా. ఇంటికాడ ఎవ్వరు లేకుంటే ఎతుక్కుంట ఎతుక్కుంట చేన్లకే వచ్చిన్రా. కడుపుల పుట్టినోళ్లే పొద్దెక్కినంక వచ్చిన్రు తల్లీ."

ఏమనాలి? లేదవ్వా, మిమ్మల్ని తప్పించుకుని పోదామనుకున్నాం, దొరికిపోయాం అనాలా? అమ్మ ఏడ్చింది. మొదట సిగ్గుతో ఏడ్చింది, నాకు ఆ ఏడుపు తెలుసు. తర్వాత నిజంగానే ఏడ్చింది. ముందు చావు గురించా, కొండ గురించా అని నేను ఇప్పటికీ అడగలేదు. రెండిటికీ ఒకే కన్నీళ్లు సరిపోతాయి గదా, విడిగా ఏం పెట్టుకుంటారు. ఆమె వెనక కొండ ఎంత దగ్గరగా ఉందంటే గోడ మీది పగుళ్లు కనబడుతున్నాయి. అప్పుడే నేను ఫోటో తీశాను. ఎందుకు తీశానో తెలియదు. చేతిలో ఫోనుంది, ఇంకేం చేయాలో తోచలేదు.

కాకి వచ్చింది, తుమ్మచెట్టు మీద కూర్చుంది, కిందికి దిగలేదు. ఆకులో మటన్ కూర ఉంది, గారెలున్నాయి, కల్లు ముంత ఉంది, బీడీ కూడా వెలిగించి పెట్టారు. గంట గడిచింది. పెద్దమనిషి ఒకాయన, ఏదో కోరిక మిగిలిపోయింది పాపం అన్నాడు. ఒక్కొక్కరు ఒక్కో మాట. చిన్నకొడుకు పెండ్లి చూడలేదని ఒకరు, అన్నదమ్ముల కొట్లాట తెగలేదని ఇంకొకరు. అవ్వ చేతులు జోడించి ఆకు ముందు నిలబడి, అన్నీ నేను చూసుకుంటా తిను అని బతిమాలింది. కాకి ముక్కు గోక్కుంది. పసిపిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. మా చాచాకు చక్కెర జబ్బు, వేళకు తినాలి. ఆయన మెల్లగా కారు అవతలికి పోయి, బానెట్ మీద క్యారియరు విప్పి, పులిహోర గిన్నె మూత తీశాడు. అంతే. కాకి చెట్టు మీదనుంచి నేరుగా బానెట్ మీద వాలి ఒక ముద్ద ఎత్తుకుంది.

చాచా తోలబోయాడు. ముప్పైమంది ఒక్కసారే వద్దని చేతులు చాపారు. ఎవరో గిన్నె పట్టుకుని ఉరికారు, మటన్ పక్కకు జరిపి పులిహోర ఆకులో వేశారు, కాకి వెనకే వచ్చింది, మరో రెండు కాకులను కూడా పిలిచింది. మటన్ కూరను పక్కనబెట్టి పులిహోర తిన్న కాకి పాలమూరులో అదొక్కటే అయి ఉంటుంది. జనం హమ్మయ్య అన్నారు. అవ్వ మళ్లీ వచ్చి అమ్మ భుజం మీద పడి, నీ చేతి తిండి కోసమే ఆగిండు బిడ్డా అని ఇంకాసేపు ఏడ్చింది. వరసకు కోడలు, ఎక్కడో తెలకపల్లి నుంచి పిట్టకోసం పులిహోర వండుకుని వచ్చింది చూడండి, ఇట్లాంటి గుణమంతురాలు ఉంటుందా అని ఆడవాళ్లు చెప్పుకున్నారు. ఆ పేరు ఇప్పటికీ ఉంది. ఏ దినానికైనా మా అమ్మను ముందుగా పిలుస్తారు, పులిహోర తెమ్మంటారు. విహారయాత్రకు బయల్దేరి మా అమ్మ సంపాదించుకున్న ఉద్యోగం అది.

ట్రాక్టరు తీశాక మాకు దారి దొరికింది. మట్టిబాట పోయి తారురోడ్డును కలిసే చోట చాచా బండి ఆపాడు. ఎడమకు తిరిగితే కోట, కుడికి తిరిగితే ఇల్లు. పట్టపగలు, ఇంకా పొద్దుంది. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఎవరూ ఎటూ చెప్పలేదు. చాచా అద్దంలోనుంచి అమ్మను చూస్తూ, తమ మతంలో ఇట్లాంటి పట్టింపు లేదని, తానెవరికీ చెప్పనని, గంటలో ఎక్కి దిగొచ్చని అన్నాడు. నాయిన కిటికీలోనుంచి బయటికి చూస్తూ, "నీ ఇష్టం," అన్నాడు. మా నాయిన నీ ఇష్టం అంటే, తర్వాత వచ్చే మాటలన్నీ నీకే అని అర్థం. నేను అత్త వైపు చూశాను. నియమాలన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి, ఆమె ఒక్క మాట అంటే అయిపోతుంది.

అత్త ముఖం తుడుచుకుని, అమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టింది. "పో పిల్లా. సోమారం ఈ కాలు కోస్తరు. నేను కార్లనే కూసుంట. నాకు కండ్లు మంచిగ ఆనవు, నేనేం జూడలే."

ఆ ముసలామె జీవితంలో మొదటిసారి ఒకరికోసం ఒక నియమాన్ని మింగింది, అదీ తను దగ్గరుండి తప్పు లెక్కపెట్టిన పాపానికి. అమ్మ కొండవైపు చూసింది. అంత దగ్గరగా ఎన్నడూ రాలేదు. తర్వాత మళ్లీ కప్పుకున్న శాలువా తీసి, తన భుజాన్ని వేళ్లతో తాకి చూసుకుంది. అవ్వ ఏడ్చినచోట చీర ఇంకా తడిగానే ఉంది.

"ఆరలేదు వదినె," అంది. "ఆమె కండ్లనీళ్లు మీదేస్కొని కొండెక్కి నవ్వాల్నా? మనం ఎతుక్కుంట వచ్చినమనుకుంటుంది ఆమె. గదన్న నిజం గానియ్యి." శాలువా మడిచి అత్త ఒళ్లో పెట్టింది. "సాకు. ఇంటికి తిప్పు భాయీ."

ఇలాంటి చోట నేనొక జోకు వేయాలి. ఇంట్లో నా పని అదే. దానికి బదులు క్యారియరు గిన్నెల మూతలు ఒక్కొక్కటే బిగించాను. కారు కుడికి తిరిగింది. కొండ చాలా పెద్దది కాబట్టి చాలాసేపు వెనకద్దంలోనే ఉంది. ఆ విషయంలో దానికి మొహమాటం లేదు.

బిజినేపల్లి దగ్గర అత్తకు ఛాయ్ కావాలనిపించింది. చావుకాడికి పోయి వస్తూ ఎవరి ఇల్లూ తొక్కకూడదు. అత్త ఆలోచించి, హోటలు ఇల్లు కాదని, కూర్చోకుండా నిలబడి తాగితే దోషం లేదని తీర్పు చెప్పింది. రోడ్డు పక్కన వరసగా నిలబడి తాగాం. లారీలు పోతున్నాయి. అమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, పోయే లారీలను ఒక్కొక్కటిగా చూసింది. ఇంకొకటి చెప్పమంది. రోడ్డు మీద నిలబడి, ఏ పనీ లేకుండా, రెండు ఛాయ్‌లు తాగడం ఆమె జీవితంలో అదే మొదలు. నాకు తెలిసి ఆఖరు కూడా.

సోమవారం కుడి మోకాలు మార్చారు. బాగానే అతికింది. నిరుడు నేను ఒక్కదాన్నే ఘనపురం పోయి కొండ ఎక్కాను. పంతులు చెప్పింది నిజమే, ఊళ్లు చిన్నగా కనబడతాయి. రాతిలో నీళ్ల మడుగు ఉంది, పడిపోయిన గోడలున్నాయి, గాలి చెవుల్లో దూరి ఏవేవో చెబుతుంది. పైనుంచి అమ్మకు ఫోను చేసి, చూపిస్తా అన్నాను. చూపించొద్దంది. మెట్ల పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా అని ఒక్కటే అడిగింది. కొంతదూరం ఉంది, తర్వాత లేదన్నాను. "మరి ఆ కాళ్లతోని నేనెట్ల ఎక్కుతుంటి బిడ్డా," అంది, ఎవరో తనకు పెద్ద మేలు చేసినట్టు. ఆ మాట నన్ను ఊరడించడానికి అందో, తనను తాను ఊరడించుకోవడానికి అందో తెల్వదు. నేను కోటగోడ మీద కూర్చుని కింద పొలాల్లో తుమ్మచెట్టును వెతికాను. అక్కడినుంచి చూస్తే అన్నీ తుమ్మచెట్లే.

కాలం గురించి పెద్దవాళ్లు చాలా చెప్పారు. నాకు తెలిసింది ఒకటే. అది మనకోసం ఆగదు అంటారు గాని, ఆ మూలమలుపు దగ్గర ఇంజన్ ఆపకుండా అది మాకోసం ఒక ఐదు నిమిషాలు ఆగింది. మేమే ఎటు పోవాలో చెప్పలేకపోయాం. ఇక రెండో మోకాలి సంగతి. దవాఖానవాళ్లు వచ్చే నెలలో రమ్మన్నారు. ఆధార్ జిరాక్సులు పాతవి పనికిరావట, మళ్లీ రెండు కాపీలు ఇవ్వాలి.